మేస్త్రీ లేని పని: మొక్క కణం తన సూక్ష్మనాళికల్ని ఎలా సర్దుకుంటుంది

వెనక వరసలో వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

నా చేతిలో ఉన్నది మామూలు గుండ్రటి బెలూన్. ఊదితే ఎలా ఉబ్బుతుందో మీకు తెలుసు, అన్ని వైపులా ఒకేలా. ఇప్పుడు ఈ రెండోది చూడండి. దీని నడుము చుట్టూ అంటుకునే టేపు ముక్కలు చుట్టాను, కడియాల్లాగా, ఒకదాని పక్కన ఒకటి. ఊదుతున్నా... చూశారా, పక్కలకు పోవడానికి దారి లేక రెండు కొసల వైపూ సాగింది. నా ఊపిరి అదే, లోపలి గాలి అన్ని వైపులకూ ఒకే బలంతో తోస్తోంది. ఆకారం మాత్రం టేపు వల్ల వచ్చింది.

మొక్క కణం సంగతి కూడా ఇంతే. లోపల నీళ్ళు నిండి బిగుసుకుని ఉంటుంది, ఆ ఒత్తిడి వాతావరణ పీడనానికి మూడు నుంచి పది రెట్ల దాకా ఉండొచ్చు, అంటే కారు టైరులో మనం కొట్టించే గాలి కన్నా ఎక్కువే. ఒత్తిడికి దిక్కూ దిశా ఉండవు. మరి వేరు సన్నగా పొడుగ్గా ఎలా పెరుగుతోంది, కాండం పైకే ఎందుకు లేస్తోంది? కణం చుట్టూ ఉన్న కణకవచంలో సెల్యులోజ్ పోగులు కడియాల్లా చుట్టుకుని ఉంటాయి కాబట్టి. నిజానికి గొట్టం ఆకారంలో ఉన్న దేన్నైనా లోపలి నుంచి తోస్తే చుట్టుకొలత వైపు పడే లాగుడు పొడవు వైపు పడేదానికి రెట్టింపు ఉంటుంది, అంటే కడియాలు లేకపోతే కణం ముందు లావెక్కాలి. లావెక్కట్లేదంటే ఎవరో ఆ పోగుల్ని సరిగ్గా అడ్డంగా పేరుస్తున్నట్టే కదా.

ఎవరు?

1962లో పాల్ గ్రీన్ అనే ఆయన ఈ ప్రశ్న పట్టుకున్నాడు. ఆయన పనిచేసింది నైటెల్లా అనే నాచు జాతి మొక్క మీద. దాని కణుపుల మధ్య ఉండే భాగం మొత్తం ఒకే ఒక్క కణం, కొన్ని సెంటీమీటర్ల పొడవు, కంటితో చూడొచ్చు. దానికి కాల్చిసిన్ పెట్టాడు. కాల్చిసిన్ అంటే కణ విభజనలో కండె తంతువుల్ని, అంటే క్రోమోజోముల్ని విడదీసే పోగుల్ని, కరిగించే మందు అని అప్పటికే తెలుసు. ఇక్కడ కణం విభజన చెందట్లేదు, పెరుగుతోంది అంతే, అయినా మందు పడగానే కొత్తగా వచ్చే సెల్యులోజ్ అడ్డదిడ్డంగా పడింది, కణం గుండ్రంగా ఉబ్బింది. అంటే కండె తంతువుల్లాంటివే ఏవో విభజన లేనప్పుడు కూడా కవచం దగ్గర ఉండి దారి చూపిస్తున్నాయని ఊహించాడు. చూడకుండా చెప్పిన మాట అది, ఎందుకంటే అప్పటికి వాటిని అక్కడ ఎవరూ చూడలేదు. నాకు ఈ రంగంలో అన్నిటికన్నా ఇష్టమైన ఊహ ఇదే.

మరుసటి ఏడాది, 1963లో, లెడ్‌బెటర్, పోర్టర్ ఇద్దరూ చూశారు. అంతకు ముందు ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కోసం కణాల్ని గట్టిపరచడానికి వాడే రసాయనాలు ఈ నాళికల్ని పాడుచేసేవి, గ్లూటరాల్డిహైడ్ వచ్చాక అవి నిలిచాయి. వేరు కొసల్లో, ప్లాస్మా పొరకు, అంటే కవచం లోపల కణాన్ని చుట్టి ఉండే పలచటి పొరకు, ఆనుకుని లోపలి వైపు, సన్నటి గొట్టాలు వరసగా అడ్డంగా చుట్టుకుని కనిపించాయి, బయట ఉన్న సెల్యులోజ్ ఏ దిశలో ఉందో సరిగ్గా అదే దిశలో. మైక్రోట్యూబ్యూల్ అన్న పేరు వాళ్ళ వ్యాసం శీర్షికలోనే ఉంది. తెలుగులో సూక్ష్మనాళిక. నేను మాట్లాడేటప్పుడు గొట్టం అనేస్తుంటాను, ఏమనుకోకండి.

గొట్టం ఎలా ఉంటుందో త్వరగా చెప్పేసి ముందుకు పోతాను, ఎందుకంటే ఇది పాఠ్యపుస్తకాల్లో దొరుకుతుంది. ఆల్ఫా ట్యూబ్యులిన్, బీటా ట్యూబ్యులిన్ అనే రెండు ప్రోటీన్లు జంటగా ఉంటాయి, జంట పొడవు 8 నానోమీటర్లు. జంటలు ఒకదాని మీద ఒకటి ఎక్కి పోగు అవుతాయి, మామూలుగా 13 పోగులు పక్కపక్కన చేరి గుండ్రంగా మూసుకుంటే 25 నానోమీటర్ల లావు గొట్టం. లెక్కేసుకోండి, ఒక్క మైక్రోమీటరు పొడవు గొట్టానికి పదహారు వందల పైచిలుకు జంటలు కావాలి. జంటలన్నీ ఒకే వైపు మొహం పెట్టుకుని ఉంటాయి కాబట్టి గొట్టానికి రెండు కొసలూ ఒకలా ఉండవు, ఒక కొస చురుగ్గా పెరుగుతుంది, దాన్ని ప్లస్ కొస అంటారు, ఇంకోటి మైనస్ కొస.

ప్లస్ కొస ప్రవర్తన మాత్రం విచిత్రం. పెరుగుతూ పెరుగుతూ ఉన్నట్టుండి కూలిపోతుంది, మళ్ళీ తేరుకుని పెరుగుతుంది. జంటలు జీటీపీ అనే అణువును మోసుకొచ్చి అతుక్కుంటాయి, అతుక్కున్న కాసేపటికి అది జీడీపీ అయిపోతుంది, అప్పుడు ఆ జంటకి నిటారుగా ఉండబుద్ధి కాదు, బయటికి వంగాలని చూస్తుంది. కొస మీద కొత్త జీటీపీ జంటల టోపీ ఉన్నంతసేపు గొట్టం నిలబడుతుంది, టోపీ ఊడిందా, అరటిపండు తొక్క విప్పినట్టు విడిపోతుంది. 1984లో మిచిసన్, కిర్ష్నర్ దీన్ని బయటపెట్టారు. ఇది జంతువులకూ మొక్కలకూ ఒకటే.

ఇక్కడి నుంచి మొక్కల దారి వేరు.

జంతు కణంలో కేంద్రకం పక్కన సెంట్రోసోమ్ అని ఒకటి ఉంటుంది. చాలా కణాల్లో గొట్టాలు అక్కడ పుట్టి గొడుగు ఊచల్లా బయటికి పోతాయి. అంటే ఒక కేంద్ర కార్యాలయం ఉంది, అది ఎటు ఉంటే పటం అటు గీసుకోవచ్చు. పూల మొక్కల కణాల్లో ఇది లేదు. నాచులూ ఫెర్న్‌లూ సైకస్‌లూ ఈదే పురుష బీజకణాలు తయారుచేసేటప్పుడు దాని చుట్టాన్ని పుట్టించుకుంటాయి గానీ పూల మొక్కలు అది కూడా వదిలేశాయి. గొట్టాలన్నీ ప్లాస్మా పొర కింద, పొరకు అంటుకుని, ఎక్కడెక్కడో పుడతాయి. అయినా కాసేపటికి అన్నీ ఒకదానికొకటి సమాంతరంగా, కణం పొడవుకు అడ్డంగా వరస కట్టి ఉంటాయి. మేస్త్రీ లేడు, నక్షా లేదు, గోడ మాత్రం తిన్నగా లేచింది. ఇవాళ్టి నా మాటలన్నీ ఈ ఒక్కదాని గురించే.

ముందు పుట్టుక. కొత్త గొట్టం మొదలవ్వాలంటే పునాది కావాలి, ఆ పునాది గామా ట్యూబ్యులిన్‌తో చేసిన ఉంగరం లాంటి గుంపు. మొక్కల్లో ఈ ఉంగరాలు ఎక్కువగా వచ్చి కూర్చునేది ఎక్కడో తెలుసా, అప్పటికే ఉన్న గొట్టాల పక్క మీద. 2005లో మురాటా, ఆయన తోటివాళ్ళు పొగాకు కణాల్లో దీన్ని చూపించారు. పాత గొట్టం పక్క నుంచి సుమారు 40 డిగ్రీల కోణంలో కొత్త గొట్టం కొమ్మలా బయల్దేరుతుంది. కొన్నిసార్లు పాతదానికి సమాంతరంగా కూడా పుడుతుంది. అంటే పుట్టేటప్పుడే కొత్తదానికి పాతదాని దిశ ఎంతో కొంత అంటుతోంది.

పుట్టిన చోటే ఉండిపోతే కథ ఇక్కడే ఆగేది. కొమ్మ మొదట్లో కటానిన్ అనే ప్రోటీన్ వచ్చి కోసేస్తుంది. పేరు జపాన్ కత్తి కటానా నుంచి వచ్చింది, పేరుకు తగ్గ పనే. కోశాక కొత్త గొట్టం మైనస్ కొస విడుదలై, మెల్లగా అరుగుతూ ఉంటుంది, ప్లస్ కొస మాత్రం నిమిషానికి కొన్ని మైక్రోమీటర్ల చొప్పున పెరుగుతూ ఉంటుంది. ముందు కడుతూ వెనక విప్పుతూ పోతే బయటి నుంచి చూసేవాడికి గొట్టం పాకుతున్నట్టు కనిపిస్తుంది, అందులో ఒక్క జంట కూడా నిజానికి కదల్లేదు. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే అరబిడోప్సిస్ అనే చిన్న మొక్క బతికున్న కణాల్లో దీన్ని 2003లో షా, కామ్యార్, ఎర్హార్ట్ వీడియోగా తీశారు.

ఇప్పుడు అసలు విషయం. ఇది కాస్త నెమ్మదిగా చెప్తాను.

గొట్టాలు పొరకు అంటుకుని ఉన్నాయన్నాను కదా. అంటే వాటి లోకం బల్ల పరుపు. పైకి ఎగరడానికి లేదు, కిందికి దూకడానికి లేదు, బల్ల మీద అగ్గిపుల్లల్లా ఒకే తలంలో పాకాలి. అలాంటప్పుడు ఏమవుతుంది? గుద్దుకుంటాయి. ఈ గుద్దుకోవడాలే క్రమాన్ని పుట్టిస్తాయి.

మైక్రోస్కోప్‌లో ఒక జత మీద కన్ను నిలిపి చూద్దాం. ఒక గొట్టం అడ్డంగా పడి ఉంది, ఇంకో గొట్టం కొస కింద నుంచి వస్తోంది, వాలుగా, ఓ ముప్ఫై డిగ్రీల కోణంలో. కొస వెనక కొద్ది దూరం ఇంకా పొరకు అంటుకోలేదు, అందుకని కాస్త వణుకుతోంది. తగిలింది. ఒక క్షణం ఆగినట్టు అనిపిస్తుంది. తర్వాత ఆ కొస మెల్లగా వంగి పాత గొట్టం పక్కనే, జిప్ వేసినట్టు, దాని వెంటే సాగిపోతుంది. వచ్చిన దిశ పోయింది, అక్కడున్నవాడి దిశే తనదైంది. రెండిటి మధ్యా మ్యాప్65 అనే ప్రోటీన్ నిచ్చెన మెట్లలా పట్టుకుని ఉంటుంది. ఇంకో జత చూద్దాం. ఈసారి కోణం నిటారుగా ఉంది, డెబ్భై ఎనభై డిగ్రీలు. అంత వంగడం గొట్టానికి చేతకాదు, అది దాని లావుతో పోలిస్తే చాలా బిరుసు. రెండే దారులు. ఒకటి, తగిలిన దెబ్బకి కూలిపోవడం, వచ్చిన దారినే వెనక్కి కరుగుతూ పోవడం. రెండు, ఎలాగో దాటుకుని అవతలికి పోవడం.

2004లో దీక్షిత్, సైర్ ఇలాంటి తాకిడుల్ని ఓపిగ్గా లెక్కపెట్టారు. కోణం 40 డిగ్రీల లోపుంటే ఎక్కువగా జిప్ పడుతుంది, ఎక్కువుంటే కూలడమో దాటడమో. ఇంతే. చట్టం ఇంత చిన్నది.

దీన్ని వేల తాకిడుల మీద వేసి చూడండి. ఎక్కువమంది ఏ దిశలో ఉన్నారో ఆ దిశలో పోయే గొట్టానికి అడ్డు తక్కువ, ఎక్కువ కాలం బతుకుతుంది, దాని పక్కన దాని దిశకి దగ్గరగా పిల్లలు పుడతాయి. ఆ వరసకి నిటారు కోణంలో పోయేది మాటిమాటికీ గుద్దుకుని కూలుతుంది. కాస్త వాలుగా పోయేది జిప్ పడి దారిలోకి వస్తుంది. అలా మెజారిటీ ఇంకా మెజారిటీ అవుతుంది. కంప్యూటర్‌లో ఈ నియమాలు మాత్రమే పెట్టి, గొట్టాల్ని ఎటు పడితే అటు చల్లి వదిలినా కాసేపటికి అవి వరస కడతాయి. నేను మొదటిసారి ఆ సిమ్యులేషన్ చూసినప్పుడు ఎక్కడో మోసం ఉందనే అనుకున్నాను, కోడ్‌లో దిశ గురించి ఒక్క ముక్కైనా దాచారేమోనని వెతికాను కూడా.

అయితే ఇక్కడ తెలివైనవాళ్ళు ఒక ప్రశ్న వేస్తారు. వరస కడతాయి సరే, అడ్డంగానే ఎందుకు? నిలువుగా కూడా వరస కట్టొచ్చుగా? నిజమే, తాకిడి నియమాలకి దిశ అంటే పట్టదు, ఏదో ఒకటి గెలిస్తే చాలు. ఎవరు గెలవాలన్నది తేల్చేవి వేరే ఉన్నాయి. ఒకటి కణం ఆకారం. కణానికి అంచులు ఉంటాయి, పెట్టె అంచుల్లా. అంచు వాడిగా ఉంటే గొట్టం ఆ మలుపు తిరగలేక కూలుతుంది. క్లాస్ప్ అనే ప్రోటీన్ ఉన్న అంచుల దగ్గర అది కొసని కాపాడి మలుపు తిప్పుతుంది. అంటే ఏ అంచు మీద క్లాస్ప్ ఎక్కువుంటే ఆ అంచుని దాటే దిశకు లాభం. రెండోది లాగుడు. 2008లో హామాంట్, ఆయన తోటివాళ్ళు అరబిడోప్సిస్ చిగురు కొసలో చూపించిందేమిటంటే, కణజాలంలో లాగుడు ఏ దిశలో ఎక్కువుందో గొట్టాలు ఆ దిశకి తిరుగుతాయి. అక్కడ ఒక కణాన్ని లేజర్‌తో చంపితే చుట్టుపక్కల లాగుడు గాయం చుట్టూ వలయంలా మారుతుంది, కొన్ని గంటల్లో పక్క కణాల్లోని గొట్టాలు కూడా గాయం చుట్టూ వలయంలా తిరిగాయి. మనం మొదట్లో అనుకున్నాం కదా, గొట్టం ఆకారంలో ఉన్న కణానికి చుట్టుకొలత వైపు లాగుడు రెట్టింపని. ఎక్కడ ఎక్కువ లాగుతోందో అక్కడే బిగించుకుంటోంది అన్నమాట.

మూడోది వెలుతురు, ఇది చెప్పేటప్పుడు నా తలనొప్పి కథ ఒకటి చెప్పాలి. నేను కొత్తగా ఈ పని నేర్చుకుంటున్న రోజుల్లో చీకట్లో పెంచిన మొలకల్ని మైక్రోస్కోప్ కింద పెట్టి వీడియో తీసేవాడిని. మొదటి ఫ్రేములో గొట్టాలు చక్కగా అడ్డంగా ఉండేవి, తీస్తూ ఉండగానే పక్కకి తిరిగిపోయి నిలువుగా అయిపోయేవి. స్లైడు కదిలిందేమో అనుకున్నా, మొలక ఎండిపోతోందేమో అనుకున్నా, వారం రోజులు టెన్షన్. గొట్టాలు కనబడాలని వాటికి తగిలించిన మెరిసే ప్రోటీన్‌ని చూడాలంటే 488 నానోమీటర్ల నీలి లేజర్ వేయాలి, ఆ నీలి వెలుతురే మొలకకి నువ్వు నేల పైకొచ్చేశావు, ఇక పొడుగు సాగడం ఆపు అని చెప్తోందని నాకు తట్టలేదు. నేను చూడ్డమే దాన్ని మార్చేస్తోంది.

ఇది ఎలా జరుగుతుందో 2013లో లిండెబూమ్, ఆయన తోటివాళ్ళు విప్పి చెప్పారు. నీలి వెలుతురును ఫోటోట్రోపిన్ అనే గ్రాహకం పట్టుకుంటుంది. అప్పుడు కటానిన్ గొట్టాలు ఒకదాన్నొకటి దాటే కూడళ్ళ దగ్గర కోయడం మొదలెడుతుంది. కోస్తే ఒకటి తగ్గాలి కదా అనిపిస్తుంది. కానీ అడ్డ వరసని దాటుకుని నిలువుగా పోతున్న గొట్టాన్ని కోస్తే రెండు ముక్కలు, వెనక ముక్కకి కొత్త ప్లస్ కొస వచ్చింది, అది కూలకుండా నిలబడితే అదీ పెరుగుతుంది. ఆ రెండూ ముందుకు పోయి ఇంకో నాలుగు గొట్టాల్ని దాటతాయి, మళ్ళీ కోత, మళ్ళీ రెట్టింపు. నిలువుగా ఉన్న కొద్దిమందీ ఇలా పెరిగి పెరిగి మెజారిటీ అయిపోతారు. కటానిన్ చెడిపోయిన మొక్కలు కురచగా ఉంటాయి, కణాలు ఉబ్బి ఉంటాయి, ఒక రకంలో కాండం నారలు పుటుక్కున విరుగుతాయి, అందుకే ఆ జన్యువుకి పెళుసు నార అనే అర్థం వచ్చేలా ఫ్రజైల్ ఫైబర్ 2 అని పేరు పెట్టారు.

సెల్యులోజ్ సంగతి మర్చిపోలేదు. ప్లాస్మా పొరలో ఆరు రేకుల పువ్వులాంటి యంత్రం ఉంటుంది, సెల్యులోజ్ సింథేజ్ గుంపు. ఇది సెల్యులోజ్‌ని బయటికి పేనుతూ ఆ పేనే తోపుడుతోనే పొరలో తనే ముందుకు జరుగుతుంది. 2006లో పరేడెజ్, సోమర్‌విల్, ఎర్హార్ట్ ఈ యంత్రాలకి పసుపు రంగు వెలుగు, గొట్టాలకి ఇంకో రంగు పెట్టి చూశారు. చుక్కలు గొట్టాల వెంటే పోతున్నాయి, పట్టాల మీద రైలు పెట్టెల్లా, నిమిషానికి సుమారు 300 నానోమీటర్ల వేగంతో. గంటకి 18 మైక్రోమీటర్లు, తొందరేమీ లేదు. గ్రీన్ ఊహ తర్వాత 44 ఏళ్ళకి దాన్ని కదులుతుండగా చూశారన్నమాట. రెండిటినీ కలిపి పట్టుకునే సీఎస్‌ఐ1 అనే ప్రోటీన్ ఆ తర్వాత నాలుగేళ్ళకి దొరికింది. గొట్టాల్ని పూర్తిగా కరిగించినా యంత్రాలు ఆగవు, నడుస్తూనే ఉంటాయి, గొట్టం ఉన్నది దారి కోసమే, తోయడానికి కాదు.

ఆల్ఫా ట్యూబ్యులిన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారినా ఏమవుతుందో ఈ ఫోటో చూడండి. దీన్ని లెఫ్టీ అంటారు. గొట్టాలు సరిగ్గా అడ్డంగా కాకుండా కొంచెం ఏటవాలుగా వరస కట్టాయి, అంతే, మొత్తం మొక్క ఎడమ వైపుకి మెలి తిరిగి పెరిగింది, వేరు, కాండం, ఆకు కాడ అన్నీ.

నా టైమ్ అయిపోయింది, ప్రశ్నలకి వెళ్దాం. ముందు ఆ మూల ఉన్న అమ్మాయి.

విభజన అప్పుడు ఏమవుతుందని కదమ్మా? మంచి ప్రశ్న, నేను కావాలనే దాటేశాను, ఎందుకంటే అది ఇంకో గంట. క్లుప్తంగా చెప్తా. విభజనకి ముందు పొర కింద ఉన్న గొట్టాలన్నీ సర్దుకుని కణం నడుముకి ఒక పట్టీలా చేరతాయి. 1966లో పికెట్ హీప్స్, నార్త్‌కోట్ గోధుమ కణాల్లో చూశారు దీన్ని. తర్వాత ఆ పట్టీ మాయమైపోతుంది, అవే ట్యూబ్యులిన్ జంటలు కండె కట్టుకుంటాయి, క్రోమోజోములు విడిపోతాయి. ఆపైన మధ్యలో ఫ్రాగ్మోప్లాస్ట్ అనే అమరిక వచ్చి, లోపలి నుంచి బయటికి పెరుగుతూ కణ ఫలకాన్ని, అంటే కొత్త గోడని కడుతుంది. ఆ గోడ వెళ్ళి అతుక్కునేది ఎప్పుడో మాయమైన పట్టీ ఉన్న చోటే. పట్టీ పోయినా దాని గుర్తుగా కొన్ని ప్రోటీన్లు అక్కడ మిగిలి ఉంటాయి. ఇది చదివి అందరం పట్టీ లేకపోతే గోడ ఎక్కడ పడాలో తెలియదనే అనుకున్నాం. 2017లో మూడు జన్యువులు తీసేసిన అరబిడోప్సిస్‌లో పట్టీ ఏర్పడలేదు, అయినా గోడలు చాలావరకు సరైన దిక్కునే పడ్డాయి, కాకపోతే కాస్త అటూ ఇటూ ఊగిసలాట ఎక్కువైంది. అంటే పట్టీ చేసే పని గురి కుదర్చడం అని ఇప్పుడు నేను అనుకుంటున్నాను.

ఆ చివర ఉన్న పెద్దాయన. కలుపు మందు గురించా? అవునండీ, పెండిమెథాలిన్, ట్రైఫ్లురాలిన్, ఇవన్నీ మొక్క ట్యూబ్యులిన్‌ని పట్టుకుని గొట్టం కట్టనివ్వకుండా చేసేవే. మన ట్యూబ్యులిన్‌కి అవి సరిగ్గా అతుక్కోవు. కాల్చిసిన్‌ది తిరగబడ్డ కథ, జంతువుల ట్యూబ్యులిన్ అంటే దానికి మహా ఇష్టం, మొక్కలకి చాలా ఎక్కువ మోతాదు పోస్తే గానీ పనిచేయదు. ఉండొద్దూ మరి, తయారుచేసేది మొక్కే కదా, మేయడానికి వచ్చినవాళ్ళ కోసం. కలుపు కూడా ఊరుకోలేదు లెండి. ఎల్యుసిన్ ఇండికా అనే గడ్డిలో ఆల్ఫా ట్యూబ్యులిన్ 239వ స్థానంలో త్రియోనిన్ బదులు ఐసోల్యూసిన్ వచ్చింది, ఆ ఒక్క మార్పుతో ఈ కలుపు మందులు దాన్ని ఏమీ చేయలేకపోయాయి. మార్పు లేని గడ్డి మొలకని కలుపు మందు తగిలిన తర్వాత పీకి చూడండి, వేరు కొస పొడవు సాగడం మానేసి దుడ్డుకర్ర తలలా గుండ్రంగా ఉబ్బి ఉంటుంది. ఇందాక టేపు లేకుండా ఊదిన బెలూన్ ఇదిగో, ఇంకా ఇక్కడే ఉంది.